తెడ్డు ఎత్తితే ఆగే బస్సు

మా చిన్నప్పుడు... మా దిబ్బ దగ్గర బస్సు ఆగాలంటే కింద ఎవరో ఒకరు పడవ తెడ్డు ఎత్తాలి.

రేపల్లె అవతల, కాలవ పక్కన పన్నెండు పాకలు. ఉప్పెనకి ఉన్న చోటు పోతే మా తాతలు వచ్చి ఈ ఇసుక దిబ్బ మీద వేసుకున్నారట. కాగితాల్లో మాకు పేరు లేదు. ఉత్తరాలు కూడా పక్కనున్న పెద్దూరి పేరు మీదే వచ్చేవి. స్టేజీ కాదు గనుక దిగేవాళ్ళు ఎంత మొత్తుకున్నా డ్రైవరు ఆపేవాడు కాదు... తెడ్డు నిలువుగా లేస్తేనే ఆపేవాడు. అలా కండక్టర్లే మమ్మల్ని 'తెడ్డుదిబ్బ' అన్నారు. మా ఊరి చరిత్ర అంతేనండి.

నేను రేపల్లె హైస్కూల్లో చేరాను. రోజూ సాయంత్రం మా నాయన చేపల వేట నుంచి వచ్చి, తడి పంచెతోనే రోడ్డెక్కి నా కోసం తెడ్డు ఎత్తేవాడు. బళ్ళో మాత్రం నాది పెద్దూరని చెప్పుకునేవాణ్ణి...

ఒకరోజు నా క్లాసు పిల్లలు ముగ్గురు పెద్దూరి తిరనాళ్ళకని అదే బస్సెక్కారు. దూరంగా తెడ్డు కనబడింది.

"ఒరే, ఎవర్రా ఆయన, రోడ్డు మీద పడవ నడుపుతున్నాడు?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బస్సు ఆగింది. ఆ రోజు కండక్టరు కొత్తవాడు. "తెడ్డుదిబ్బోళ్ళు ఎవరండి? దిగాలి, దిగాలి."

నేను కదల్లేదు. నాయన తెడ్డు దించకుండా ఒక్కో కిటికీ చూసుకుంటూ వస్తున్నాడు. నా కిటికీ దగ్గరకొచ్చేసరికి తల అటు తిప్పుకున్నాను...

పెద్దూరులో దిగి రెండు మైళ్ళు వెనక్కి నడిచాను. నాయన అక్కడే, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటి అబ్బాయ్, బస్సులో నిద్రపోయావా?"

"అవును నాయనా."

"పోన్లే. పద, అమ్మ ఎదురుచూస్తోంది."

మర్నాడు తెడ్డు పట్టుకుని మా బాబాయి నిలబడ్డాడు. "మీ నాయన వల బాగుచేసుకోవాలన్నాడ్రా" అన్నాడు. ఆ తర్వాత కూడా బాబాయే వచ్చాడు. నాయన మళ్ళీ ఎప్పుడూ రాలేదు... నన్ను చూశాడని అప్పుడు అర్థమైంది. ఆయన పోయేదాకా ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకంటారా... పోయిన వారం బాపట్లలో మా అమ్మాయి హెడ్మిస్ట్రెస్ అయిందండి. సన్మానం చేశారు. నా సంతోషం ఏమని చెప్పను. మైకు పట్టుకుని నా తల్లి ఏమందో తెలుసా...

"మాది తెడ్డుదిబ్బండి. మా తాతయ్య తెడ్డు ఎత్తితే బస్సు ఆగేది."

హాలంతా చప్పట్లు. నేను మాత్రం తల వంచుకున్నాను. ఆ కథ దానికి చెప్పింది నేనే. బస్సు ఆగిందాకే చెప్పాను.

అమ్మాయ్, ఇది నువ్వూ చదువుతావు. మిగతా సగం ఇదమ్మా...

దిబ్బ ఇప్పుడు లేదు, అంతా రొయ్యల చెరువులే. చెయ్యి ఎత్తితే చాలు, ఆటో ఎక్కడైనా ఆగుతుంది. అటు బస్సులో వెళ్ళినప్పుడల్లా కిటికీ పక్కనే కూర్చుని, ఆ చోటు దాటేదాకా తల తిప్పకుండా చూస్తాను...

మీ నాన్నలు మీ కోసం ఎక్కడ నిలబడేవారో రాయండి, చదువుకుంటాను.