శ్రీరామమూర్తి మాస్టారు దిద్దిన కాగితం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు సందుకి పదిమంది. ఫ్లెక్సీల మీద కోటు తొడుక్కుని, చేతులు కట్టుకుని నవ్వుతుంటారు. శ్రీరామమూర్తి మాస్టారికి కోటూ లేదు, నవ్వూ లేదు. అయినా గ్రూప్స్ పిల్లలు, ఎస్సై పరీక్షల పిల్లలు పొద్దున్నే ఆరింటికల్లా మూడో అంతస్తుకి పరిగెత్తుకొచ్చి ఆయన క్లాసులో ముందు బెంచీ కోసం కొట్టుకునేవారు. ఆయన చేతిలో ఎర్ర పెన్ను పడిందంటే తప్పు బతికి బట్టకట్టడం కల్ల.

సొంతూరు గుడివాడ దగ్గర. తొంభై రెండులో భార్య శేషారత్నంతో, రెండు ట్రంకు పెట్టెలతో దిగి, ఇక్కడే పాతుకుపోయాడు. ఇరవయ్యేళ్ళుగా చెప్పింది దాదాపు ఒకటే పాఠం.

"తెలుగువాడికి చేయడం ఒక్కటుంటే చాలురా! తప్పు చేస్తాడు, స్నానం చేస్తాడు, ప్రయాణం చేస్తాడు. ఇంగ్లీషువాడి దగ్గర అలా కుదరదు. తప్పుకి మేక్, స్నానానికి టేక్. ఏ నామవాచకానికి ఏ క్రియ జోడీయో ముందే ముడి పడిపోయింది. మనం విప్పడానికి లేదు."

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. మధ్యలో 'విచ్' అనే మాట వచ్చి కూర్చుంటే నామవాచకం ముందుకి పోతుంది, క్రియ ఎక్కడో వెనకపడుతుంది. 'ద మిస్టేక్ విచ్ ఐ' అని దర్జాగా మొదలెట్టిన కుర్రాడు అక్కడ నాలుక తడబడి 'డిడ్' అనేస్తాడు.

"పెళ్ళాం నాలుగడుగులు ముందు నడిచిందని పక్కింటావిడ వెంట పోతావట్రా?" అని మాస్టారు గద్దిస్తే క్లాసంతా గొల్లుమనేది.

ప్రతి శనివారం ఒక్కొక్కరూ 'విచ్'తో పది వాక్యాలు రాసివ్వాలి. "సొంత బతుకులోంచి రాయండి. గైడులోంచి ఎత్తుకొచ్చారో, చింపి పారేస్తా." అరవై మంది, ఆరు వందల వాక్యాలు. మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే సాయంత్రం టీ వేళకి అన్నీ దిద్దేసేవాడు. ఎలాగంటారా? ఆయన వాక్యాలు చదివేవాడు కాదు. చూపు సూటిగా 'విచ్' దగ్గరికి పోయేది, అక్కణ్ణించి క్రియ మీద వాలేది. తప్పయితే కొట్టివేత, ఒప్పయితే టిక్కు. పిల్లల్ని బతుకు రాయమని చెప్పి, ఆ బతుకుని చూడకుండా దిద్దిన మహానుభావుడు! "కళ్ళు మూసుకుని దిద్దగలనే" అని భార్య దగ్గర గొప్పలు పోయేవాడు కూడా.

రెండు వేల పదకొండు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. ఆ సోమవారం బంద్ కూడా కలిసింది. కోచింగ్ సెంటర్లన్నీ షట్టర్లు దించేశాయి. శనివారం దిద్దిన కాగితాలు తిరిగివ్వడానికి క్లాసు లేదు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి, వాటిలోంచి మంచి వాక్యాలు నాలుగు ఏరి జిరాక్సు మెటీరియల్లోకి ఎక్కిద్దామని కట్ట విప్పాడు.

సైదులు కాగితం చేతికొచ్చింది. ఎల్బీనగర్ నుంచి వచ్చే కుర్రాడు. ఇరవై ఏడేళ్ళుంటాయి, వెనక బెంచీ. నల్గొండ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం, తండ్రి లేడు, తల్లి అండాలమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. మాస్టారికి ఇంతే తెలుసు. కాగితం మీద పదికి ఎనిమిది, పక్కన 'గుడ్'.

చూసి రాసుకోవాలంటే చదవాలి కదా. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి మాస్టారు ఒక వాక్యాన్ని మాట వెంట మాటగా చదివాడు. నేను ఐదుసార్లు రాసిన పరీక్షకి నా మొహం గుర్తులేదు. అక్కడ టిక్కు. మా అమ్మకి నేనిచ్చిన మాట నేను నిలబెట్టలేదు. టిక్కు. పోలీసులు నా వీపు మీద కొట్టిన దెబ్బలు అమ్మకి చూపించలేదు. టిక్కు. నేను తీసుకున్న నిర్ణయం ఎవరూ మార్చలేరు. అక్కడ 'డిడ్' కొట్టేసి 'టుక్' అని దిద్ది ఉంది. చివరిది, పదోది: సోమవారం నేను చేయబోయే ప్రయాణానికి టికెట్ అక్కర్లేదు. అక్కడ 'డూ' కొట్టేసి 'మేక్'. ప్రయాణానికి మేక్ కదా మరి.

మాస్టారి చేతిలోంచి పెన్ను జారి మంచం కిందికి దొర్లింది. ఇవాళే సోమవారం.

అప్లికేషన్ల ఫైలు తీసి సైదులు నంబరుకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. మళ్ళీ చేశాడు. స్విచాఫ్. అడ్రసు చిత్తుకాగితం మీద గీకి, దిద్దిన కాగితం మడిచి జేబులో కుక్కుకుని, చెప్పులేసుకున్నాడు.

"బయటెలా ఉందో తెలిసే వెళ్తున్నారా? మీ మాట వింటేనే ఎక్కడివారో పసిగట్టేస్తారండీ!" శేషారత్నం గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కుర్రాడు చచ్చిపోతాడే! తప్పుకో."

ఆవిడ తప్పుకుంది.

ఆటో లేదు, బస్సు లేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, షుగరు మనిషి, చైతన్యపురి దాటేసరికే పంచప్రాణాలూ గొంతులోకొచ్చాయి. ఇంకా ఉన్నాడులే, కాఫీ తాగుతుంటాడులే అని తనకు తానే చెప్పుకుంటూ నడిచాడు. కొత్తపేట దగ్గర టైర్లు కాలుతున్నాయి. గులాబీ కండువాల కుర్రాళ్ళు చుట్టూ చేరారు.

"ఓ పెద్దమనిషీ, ఏడికి? ఏ ఊరు నీది?"

"ఎల్బీనగర్ వెళ్ళాలి బాబూ. అర్జంటండీ."

"అండీనా? ఆంధ్రాయననే రా!" ఒకడు నవ్వాడు. "జై తెలంగాణ అను, పో."

"జై తెలంగాణ. బాబూ, నా స్టూడెంటు ప్రాణం తీసుకునేట్టున్నాడు. నన్ను పోనీయండి నాయనా."

నవ్విన కుర్రాడి మొహం మాడిపోయింది. ఏమీ అడగకుండా బైకు స్టార్టు చేసి, "ఎక్కు సారూ, జల్ది ఎక్కు" అన్నాడు. పదినిమిషాల్లో ఎల్బీనగర్ సందు మొదట్లో దింపి, బైకు పక్కన పెట్టి తనూ వెంట నడిచాడు.

సందు నిండా జనం. జనాన్ని చూడగానే మాస్టారికి అర్థమైపోయింది. అయినా ఒకావిణ్ణి అడిగాడు. "పొద్దుగాల్నే అయిపోయింది సారూ. దవాఖానకు తీస్కపోయిండ్రు గని, ఏం లాభం" అందావిడ. మాస్టారు కాగితం విప్పేటప్పటికే ఆ కుర్రాడు లేడు. ఈ నడకంతా, ఈ ఆయాసమంతా ఎవరి కోసం? చేతకాని కోపంతో ఆయన గోడకేసి అరచెయ్యి కొట్టుకున్నాడు.

కిరాయి గది ముందు అండాలమ్మ కూలబడి ఉంది. ఏడుపు కూడా అడుగంటిన గొంతు. తెల్లచొక్కా నాయకుడొకడు ఆమె ముందు వంగి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. "చీటీ ఏమన్న రాసిండా అమ్మా? జర సూడు, పుస్తకాలల్ల ఉంటది. టీవీవోళ్ళు అడుగుతుండ్రు."

"ఒక్క ముక్క గూడ రాయలే బిడ్డా! గంత సదువు సదివిండు, నాకు ఒక్క ముక్క రాయలే. నేనేం తప్పు జేసిన్నో సెప్పకపాయె."

మాస్టారి చెయ్యి జేబు మీద బిగుసుకుంది. ఆ పక్క మురిక్కాలవ. నాలుగు ముక్కలు చేసి పడేస్తే పోయె, అడిగేవాడు లేడు. జనం తంతారని భయం, అబద్ధమెందుకు, ఉంది. అంతకన్నా ఆ ఎర్ర సిరా ఇంకో మనిషి కళ్ళ పడుతుందన్న సిగ్గు ఎక్కువుంది. వెనక్కి తిరిగాడు కూడా. "నేనేం తప్పు జేసిన్నో" అని ఆ తల్లి మళ్ళీ అంది. ఆగిపోయాడు. పోయినవాడు తల్లిని ఒక్క మాట అనలేదని ఈ భూమ్మీద తనొక్కడికే తెలుసు.

నాయకుణ్ణి దాటుకుని పోయి, ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"అమ్మా, నేను సైదులుకి ఇంగ్లీషు చెప్పే మాస్టార్ని. రాశాడమ్మా. నా దగ్గరుంది."

కాగితం ఆమె రెండు చేతులతో అందుకుంది. తలకిందులుగా పట్టుకుంది. ఆయన సరిగ్గా తిప్పి, ఒక్కో వాక్యమూ తెలుగులో చెప్పాడు. మాట నిలబెట్టలేదన్నది చెప్పాడు. వీపు మీది దెబ్బలు చెప్పాడు. పదోది రెండుసార్లు మొదలెట్టాల్సి వచ్చింది. నాయకుడు ఫోన్ తీసి కాగితానికి ఫొటో కొట్టుకోబోతే, ఇందాకటి బైకు కుర్రాడు వాడి చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

అండాలమ్మ ఎర్ర గీతల మీద వేలు పెట్టింది. "గీ ఎర్రగున్నయ్ ఏంది సారూ?"

"నేను దిద్దినవమ్మా."

"మంచిగ రాసిండా?"

"మంచిగా రాశాడమ్మా."

ఆమె కొంగుతో కాగితం తుడిచి, మడతలు సాపుచేసింది. తర్వాత తలెత్తింది.

"గిది నీ చేతికి ఎప్పుడొచ్చింది సారూ?"

అబద్ధం ఆడటానికి ఒక్క క్షణం దొరికింది. ఆడలేకపోయాడు.

"శనివారం."

"శనారమా." ఆమె నెమ్మదిగా అంది. "శనారం మావోడు ఇంట్లనే ఉండె సారూ. ఐతారం గూడ ఉండె."