నాయన పేరున

మొన్న ఆదివారం అనంతపురంలో మా తమ్ముడి మనవరాలికి బాప్తిస్మం ఇచ్చారు. గుడిలో ఎవరో ఇరవై లీటర్ల నీళ్ల క్యాను మూత లాగగానే బ్లీచింగు వాసన గుప్పుమంది. ఆ నీళ్లు గడగడా గిన్నెలో పడుతుంటే చుట్టాలంతా నవ్వుతూ ఫోన్లు పైకెత్తారు, నేను మాత్రం రెండడుగులు వెనక్కి జరిగాను. ఈ వయసులోనూ బాప్తిస్మం నీళ్లు చూస్తే నాకు భయమే.

మాది బత్తలపల్లెకు లోపలగా ఉండే చిన్న పల్లె. ఎండాకాలం వస్తే ఊరికంతా ఉన్న ఒక్క చేతిబోరు దగ్గర తెల్లవారేసరికే బిందెలు బారులు తీరేవి, గంటసేపు కొడితే వచ్చే ఆ నాలుగు బిందెలూ ఉప్పగా, తుప్పు వాసనతో ఉండేవి, సంగటి ముద్ద గొంతులో అడ్డం పడినా సరే నాయనను కన్న అవ్వను అడగకుండా కడవలో ముంత ముంచడానికి వీల్లేదు. పక్క వీధిలో నిలువునా ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం వాళ్లు పాపం కుంట నిండేదాకా వానకోసం కాచుకునేవాళ్లు. లూథరన్లమైన మాకు ఆ బాధ లేదు, పసిబిడ్డ నెత్తిన మూడు దోసిళ్లు పోస్తే చాలు. వాళ్లు మమ్మల్ని నెత్తి తడుపుకునేవాళ్లని ఎక్కిరిస్తే, మాకు ఆదివారం బడిలో నేర్పిన జవాబు సిద్ధంగా ఉండేది: అవి ఉత్త నీళ్లు కావు, దేవుని మాటతో కలిసిన నీళ్లు, ఇచ్చేది దేవుడు కాబట్టి బిడ్డకు తెలియకపోయినా చెల్లుతుంది, ఒక్కసారి ఇస్తే మళ్లీ ఇవ్వకూడదు.

పాస్టరు అయ్యగారు అనంతపురం నుంచి నెలకొకసారి వచ్చేవారు. ఆ రోజు బాప్తిస్మం ఉంటే ఓళిగలు, అదే బొబ్బట్లు, కాల్చే నేతి వాసన వీధి మొదట్లోకే వచ్చేది. మిగతా రోజుల్లో మేం ఆడపిల్లలం జొన్నకంకికి గుడ్డ చుట్టి, నీళ్లు ముట్టనివ్వరు కాబట్టి ఇసుక పోసి, బాప్తిస్మం ఆట ఆడుకునేవాళ్లం. అయ్యగారి వేషం ఎప్పుడూ నాదే. "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామములో" అని రాగం తీసి చెప్పేదాన్ని. ఆ మాటలు నాకు అంత బాగా వచ్చు, చదువురాని మా అవ్వకు రావు.

నా తొమ్మిదో ఏట మా చెల్లెలు నెలలు నిండకుండానే పుట్టింది. నాయన తాడిపత్రిలో బండల పాలిష్ పనికి పోయి ఉన్నాడు. కాన్పు చేసిన మనిషి జీపు కోసం రోడ్డుకు పరుగెత్తింది, అమ్మ కళ్లు తెరవడం లేదు, బిడ్డ పెదవులు నల్లబడుతున్నాయి. ప్రాణం మీదికి వస్తే, అయ్యగారు లేకపోయినా ఏ విశ్వాసి అయినా బాప్తిస్మం ఇవ్వొచ్చని మా సంఘంలో అందరికీ తెలుసు.

"నీళ్లు తేవే, ఉరుకు!" అంది అవ్వ.

కడవ వంచితే అర ముంత వచ్చింది. అవ్వ బిడ్డను ఎడమచేతి మీద పడుకోబెట్టుకుని, కుడిచేత్తో మూడుసార్లు పోసింది. "కరుణా, నాయన పేరున, కొడుకు పేరున, పరిశుద్ధాత్మ పేరున నీకు బాప్తిస్మమిస్తాండా." బిడ్డ సన్నగా ఏడ్చింది. మరునాడు పొద్దుపొడుపుకు చనిపోయింది.

జీపు రాలేదు, సంఘపెద్ద దేవదానం వచ్చాడు. గుడి వెనక సమాధుల తోటలో గుంత తవ్వించాలంటే బాప్తిస్మం అయిందో లేదో తేలాలన్నాడు. అవ్వ తానన్న మాటలు చెప్పింది.

"నాయనంటే ఎవురమ్మా? ఆ బిడ్డ నాయన తాడిపత్రిలో ఉండాడు. ఆయప్ప పేరున ఇస్తివా? ఇది చెల్లదు. గోడ బయట తుమ్మచెట్ల కాడ పూడ్చుకోండి."

లోపల అమ్మ ఆ మాట విని గోడకేసి తల కొట్టుకుంది. తుమ్మచెట్ల దగ్గర కుక్కలు తిరుగుతాయని ఊరందరికీ తెలుసు. దేవదానం మీద నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. అయ్యగారికి కబురు పోయింది. ఎండ ముదిరేకొద్దీ ఆడవాళ్లు బిడ్డ మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం బస్సుకు అయ్యగారు వచ్చారు, గుంటూరు వైపు మనిషి. మా వాకిట్లోనే నిలబడి, అడగాల్సిన మూడు ప్రశ్నలూ అడిగారు. ఎవరిచ్చారు? దేనితో ఇచ్చారు? ఏ నామంలో ఇచ్చారు? సాక్షిని నేనొక్కదాన్నే. మొదటి రెండింటికీ నిజం చెప్పాను. మూడోదానికి కళ్లు మూసుకుని, ఆటలో చెప్పినట్టే "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు" అని గడగడా అప్పజెప్పాను. మా చెల్లెలు గోడ లోపలికి వస్తే చాలు, నన్ను దేవుడు ఏం చేసినా సరే అనుకున్నాను.

"లేదయ్యా," అంది అవ్వ. "పిల్ల అబద్ధం చెప్తాండాది. నేను నాయన పేరున అంటి. పుస్తకం మాటలు నాకు యాడ వస్తాయి?"

నేను అవ్వ వెనక్కి నక్కాను. అయ్యగారి గుంటూరు వైపు నాయనా అంటే చిన్నపిల్లల్ని ముద్దుగా పిలిచే మాట.

"ఏ నాయనమ్మా?" అన్నారు అయ్యగారు.

"దినామూ మొక్కుకుంటామే, ఆ పైనుండే నాయన. ఆ పొద్దు ఇంట్లో ఇంగ యా నాయనుండాడయ్యా?"

అయ్యగారు దేవదానం వైపు తిరిగారు. "లోపలే తవ్వించండి. ఇది చెల్లింది," అని సంఘం రిజిస్టరు తెప్పించి, కరుణ పేరు తన చేత్తో రాశారు. నేను అవ్వ చీరచెంగులో ముఖం దాచుకుని ఏడ్చాను.

పూడ్చిపెట్టి వచ్చాక, దీపాలు పెట్టే వేళకు నాయన లారీ దిగి వచ్చాడు. కనుబొమల మీద బండల పొడి అట్లాగే ఉంది. బిడ్డను చూడనేలేదు. గడపలో కూలబడి అడిగాడు.

"బాప్తిస్మమన్నా ఇచ్చినారామా?"

"ఇచ్చినాప్పా. నాయన పేరున ఇచ్చినా."

నాయన తలెత్తాడు. "నా పేరునా? నేను ఈడ లేకపోయినా, నా పేరున పోసినావామా?" అని అవ్వ రెండు చేతులూ పట్టుకుని బావురుమన్నాడు.

అయ్యగారి ముందు ఒక్క అబద్ధాన్ని సాగనివ్వని మనిషి, నా వైపు ఒకసారి చూసింది. "అవు నాయనా," అని కొడుకు తల నిమిరింది. ఆయన పోయేదాకా ఆ సంగతి మేమెవరమూ సరిచేయలేదు.

ఇప్పుడు ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, అయ్యగారు బండి మీద వస్తారు. ముంత పట్టుకుని బాప్తిస్మమిచ్చే అవ్వలు లేరు, ఆ అవసరం లేకపోవడం మంచిదే. నాయన అనే మాట కూడా మా ఇంట్లో ఆయనతోనే పోయింది, పిల్లలకు ఇప్పుడు డాడీ. మొన్న గుడిలో అందరితోపాటు మోకరించి ప్రార్థన మొదలుపెట్టబోతే, నా నోట 'తండ్రీ' రాలేదు, 'నాయనా' అని పైకే వచ్చింది.

పక్కనున్న నా మనవరాలు తల తిప్పింది. "ఎవర్ని పిలుస్తున్నావవ్వా?"

నాకే తెలియలేదు.