వరుసలో నా బిందె

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ గేటు ముందు నీళ్ల లారీ ఆగింది. లావుపాటి గొట్టం సంపులోకి వదిలి డ్రైవరు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఒక్క మనిషీ బయటికి రాలేదు. బాల్కనీలో నిలబడ్డ నాకు మాత్రం కాళ్లు ఊరుకోలేదు, గబగబా మెట్లు దిగాలనిపించింది.

మా వయసువాళ్లకు వేరే చెప్పాలా! నగరం నడిబొడ్డున పురసవాక్కంలో అత్తగారి ఉమ్మడి ఇంట్లో, అంగళ్ల సందడి మధ్య కాపురం చేసిన నన్ను, సొంతిల్లు కట్టానన్న సంబరంతో మావారు నగర శివార్లలోని ఈ మాధవరం తీసుకొచ్చినప్పుడు మా వీధిలో ఉన్నవి నాలుగిళ్లు, మిగతాదంతా తుమ్మచెట్లు. బడిలో పంతులమ్మను కాబట్టి పొద్దున్నే బస్సుకు పరుగు, సాయంత్రం తలుపు వేసుకుని ఏడుపు. వేసవి సెలవులు ఇవ్వగానే తిరిగి అత్తగారింటికే పోదామని తేల్చి చెప్పేశాను. ఆయన కూడా పాపం, మొహం చిన్నబుచ్చుకునే సరేనన్నారు.

సెలవులకు ముందు ఆ ఎండల్లోనే మా వీధికి నీళ్ల లారీ రావడం మొదలైంది. వరుసలో మనిషి నిలబడనక్కరలేదు, బిందె పెట్టిపోతే అదే మనిషి లెక్క. అయితే లారీ వచ్చాక ఆ బిందెను ముందుకు జరపడానికి ఎవరో ఒకరుండాలి కదా, నాకెవరున్నారు? ఒకనాడు బడినుంచి ఆలస్యంగా, ఇవాళా ఖాళీ బిందే గతి అనుకుంటూ వచ్చేసరికి, అది నిండుగా మా గడప దగ్గరుంది, దుమ్ము పడకుండా పైన ఒక పళ్లెం మూత. పక్కనున్న మనలి పేటలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన భార్య, మా ఎదురింటి పెద్దామె, అప్పటిదాకా నేను పలకరించి ఎరగని మనిషి, గుమ్మంలోంచే కేకేసింది.

"ఏం టీచరమ్మా, ఈడ మేమందరం ఉండంగా నీ బిందె ఆడ కడాన పడి ఉంటాదా? పో, పోయి కాపీ పెట్టుకో ముందు!"

ఆ రోజూ ఏడ్చాను, అయితే అది వేరే ఏడుపు. పురసవాక్కం మాట మళ్లీ ఎత్తలేదు. ఆ వరుసలోనే సంబంధాలు కుదిరాయి, తగవులు తీరాయి, ఒకపూట నా బిందె కనబడకపోతే జ్వరమా అని తలుపు తట్టేవాళ్లు తయారయ్యారు.

ఆ పెద్దామె పోయింది. మావారు పోయాక ఇల్లు బిల్డరుకిచ్చి, ఆ చోటనే కట్టిన ఫ్లాటులో ఉంటున్నాను. నీళ్లకిప్పుడు ఏ లోటూ లేదు. పోయిన నెల జ్వరంతో వారం పడుకుని లేచి కిందికి దిగితే, పక్క ఫ్లాటు అమ్మాయి, మంచి పిల్లే, నవ్వుతూ ఊరినుంచి ఎప్పుడొచ్చారని అడిగింది. ఇన్నేళ్లుగా నాకిది తప్ప వేరే ఊరు లేదని ఆ పిల్లకేం చెప్పను? ఇప్పుడేనమ్మా అన్నాను.