ఎడమచేతి సెల్యూట్

ఒక మే నెల పొద్దున మా నాన్న నిద్ర లేచాడు, ఆయన కుడిచెయ్యి లేవలేదు. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఎవరిదో పరాయి చెయ్యి తెచ్చి పక్కలో పడుకోబెట్టినట్టుంది. కాలు బాగానే ఉంది, మాట బాగానే ఉంది, మూతి వంకర పోలేదు. పెద్దాసుపత్రి డాక్టరు మాత్రలు రాశాడు. పాస్టరుగారు నూనె రాసి ప్రార్థన చేశారు. పక్కింటి పిన్నిగారు పావురం నెత్తురు పట్టించమంది. అన్నీ చేశాం. గిల్లినా చెయ్యి పలకలేదు. అన్నం అమ్మే కలిపి నోట్లో పెట్టేది. అమ్మ ఏడవలేదు. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఆ తిమ్మిరేదో చేతి దగ్గర ఆగకుండా ఇంటిల్లిపాదికీ పాకింది.

నాన్న బెజవాడలో ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఆ స్కూల్లో స్కౌట్ల దళం నడిపేది కూడా ఆయనే. డ్రిల్లు కూడు పెట్టేది, స్కౌట్లు ఆయన ప్రాణం. డ్రిల్లు నోటితో చేయించినా సరేనని హెడ్మాస్టారు కనికరించారు. స్కౌట్ల విషయంలో ఆయన చెయ్యగలిగింది లేదు. దళం నడపడానికి పైనుంచి ఇచ్చే అనుమతిని వారెంట్ అంటారు. నాన్న వారెంట్ ఆ ఏటితో సరి. ఫిబ్రవరిలో దళాలన్నీ కలిసే ర్యాలీలో స్కౌట్ల జిల్లా కమిషనరు మనిషిని చూసి మళ్ళీ ఇవ్వాలి.

"ఆ చెయ్యి ఆయన కంట పడనివ్వకండి మాస్టారూ. పడిందా, దళం ఇంకొకరికి పోతుంది," అన్నారు హెడ్మాస్టారు.

ఈ బెంగ పట్టలేక అమ్మ ఒకనాడు పిన్నిగారి దగ్గర నోరు జారింది.

"ఈయన వారెంట్ ఫిబ్రవరితో అయిపోతుందండీ. అదే దిగులు."

"అయిపోతే మంచిదేగా వదినా! ఇంతకీ అన్నయ్యగారు ఏం చేశారేంటి?"

సాయంత్రానికి వీధి వీధంతా నాన్న కోసం పోలీసులు వెతుకుతున్నారని చెప్పుకుంది. నేనూ ఊరుకోలేదు. బందరు కాలవలో దొంగతనంగా బియ్యం బస్తాలు దాటిస్తున్న పడవని నాన్న ఒంటిచేత్తో ఆపాడనీ, వారెంట్ ఆ దొంగల మీదేననీ, సాక్షి గనక నాన్న జేబులో పెట్టుకున్న కుడిచెయ్యి బయటికి తియ్యకూడదనీ వీధి పిల్లలకి చెప్పాను. జేబుకీ సాక్ష్యానికీ సంబంధమేమిటని ఒక్కరూ అడగలేదు. ఇంట్లో అబద్ధాల శాఖ నాకు వచ్చింది అలాగే. అప్పటికి నాకు పదమూడేళ్ళు, ఆడపిల్లల దళం గైడ్స్‌లో ఉన్నాను. ఏడేళ్ళ తమ్ముడు ఆ జూన్‌లోనే కబ్స్‌లో, అంటే చిన్నపిల్లల దళంలో చేరాడు.

స్కౌట్లకి తాడుతో రకరకాల ముడులు నేర్పాలి. ఆ ముడుల శాఖ అమ్మది. బట్టలారేసుకునే తాడు విప్పి వరండాలో కూచునేది. నాన్న ఎదురుగా కుర్చీలో.

"కుడి కొస ఎడం కొస మీదికి తే."

"ఏ కుడి? నా కుడా, మీ కుడా?"

"నా కుడెక్కడుందే, నీదే."

ఎవరూ నవ్వలేదు. అమ్మ కొస మార్చుకుంది. జూలై వచ్చేసరికి ఆదివారం పొద్దున్నే పెరేడ్‌లో నాన్న ఈల ఊది ముడి పేరు చెప్పేవాడు, పక్కన అమ్మ చీర కొంగు దోపుకుని వేసి చూపించేది. మాస్టారమ్మగారికి సరదా అనుకున్నారు పిల్లలు. ఎనిమిదిన్నరకి నలుగురం అటునుంచి అటే చర్చికి వెళ్ళేవాళ్ళం, నాన్న ఖాకీ బట్టల్లోనే.

షేక్‌హ్యాండ్ బాధ లేదు. మామూలుగా మనవాళ్ళ దగ్గర ఎడంచెయ్యి చాచితే తగువే. స్కౌట్ల మర్యాద మాత్రం ఎడంచేత్తోనే కలపమంటుంది. ప్రపంచంలో నాన్నకి కలిసొచ్చిన నియమం అదొక్కటే. బాధల్లా సెల్యూట్‌తో. దానికి కుడిచెయ్యే కావాలి.

దానికి ఉపాయం నాన్నే చెప్పాడు. స్కౌట్లకి మనిషెత్తు కర్ర ఉంటుంది. అది కుడిచేత్తో పట్టుకున్నవాడు ఎడంచేత్తో సెల్యూట్ చెయ్యొచ్చునని పాత నియమమొకటి ఉందన్నాడు. ఉందో, నా శాఖలో వేలు పెట్టాడో, నేనెప్పుడూ అడగలేదు. పెరేడ్‌కి ముందు అమ్మ నాన్న వేళ్ళు ఒక్కొక్కటే మడిచి కర్ర చుట్టూ చేర్చి, ఖాకీ తాడుతో బిగించి కట్టేది. పైన పొడుగు చేతుల చొక్కా అంచు దించేది.

"బిగువైందా?"

"నాకేం తెలుస్తుంది? చూసి కట్టు."

పంద్రాగస్టు అలా గడిచింది. దసరాకి కనకదుర్గ కొండ మెట్ల దగ్గర దళానికి జనాన్ని వరసలో నిలబెట్టే పని. అమ్మ మంచినీళ్ళ బిందె దగ్గర, నేను తప్పిపోయిన పిల్లల దగ్గర, నాన్న కర్రతో మెట్టు మీద. తప్పిపోయిన పిల్లలు ఏడుపు మానాలని, కొండ లోపల కృష్ణ ఒడ్డు దాకా ఒక సొరంగముందనీ, అందులో ముసలి మొసలి ఒకటి తప్పిపోయిన పిల్లల పేర్లు రాసుకుంటుందనీ చెప్పాను. ఏడుపు మానలేదు, రెండింతలైంది. నాన్న అటు చూశాడు. మామూలుగానైతే అరిచేవాడు. ఆరోజు తల తిప్పేసుకున్నాడు.

క్రిస్మస్ సెలవుల్లో కొండపల్లి కోటకి క్యాంపు. పాసింజరు దిగి, బొమ్మలు చెక్కేవాళ్ళ ఇళ్ళ మీదుగా కొండెక్కాం. పొద్దు గూకగానే నెగడు వేసి చుట్టూ కూచున్నాం. నేను కథ అందుకున్నాను. కొండపల్లి బొమ్మ ఏనుగొకటి కర్రకి ప్రాణమొచ్చి రైలెక్కిందనీ, టికెట్టు కలెక్టరు అడిగితే తొండంతో సహా పెట్టె కింద దాక్కుందనీ చెబుతున్నాను. పిల్లలు పొట్టలు పట్టుకుంటున్నారు. నిప్పురవ్వ ఒకటి ఎగిరి నాన్న కుడిచేతి మీద పడింది. నాకు కనిపిస్తోంది. నాన్నకి తెలియలేదు. నవ్వే పిల్లల్ని చూస్తూ ఆయనా కొంచెం నవ్వుతున్నాడు. వెంట్రుకలు కాలిన వాసనొచ్చింది. అమ్మ కొంగుతో ఆ రవ్వని దులిపేసి, చేతిని తన ఒళ్ళోకి లాక్కుని కప్పింది. నేను కథ ఆపలేదు. ఏనుగుని హనుమాన్ జంక్షన్ దాకా తీసుకెళ్ళాను. అక్కడ రైలు స్టేషనే లేదు.

తెల్లారి ఆ బొబ్బ చూసుకుని నాన్న, "ఇదెప్పుడు?" అన్నాడు.

"నిన్న," అంది అమ్మ. వెన్న రాసింది.

ఫిబ్రవరి వచ్చింది. ర్యాలీ మైదానంలో చుట్టుపక్కల స్కూళ్ళ దళాలన్నీ బారులు తీరాయి. తల్లిదండ్రులు తాడవతల. నాన్న ఇస్త్రీ ఖాకీలో, మెడలో స్కార్ఫు, కర్ర బిగించుకుని మా దళం ముందు నిలబడ్డాడు. అమ్మ కట్టిన కట్టు నేను కూడా లాగి చూశాను. ఊడదు. కమిషనరు తెల్ల మీసాల పెద్దమనిషి, ఒక్కొక్క దళాన్నే చూసుకుంటూ వస్తున్నారు. నాన్నకి ఎడంచెయ్యి ఇచ్చారు, నాన్న ఎడంచెయ్యి కలిపాడు.

"ముడుల్లో మీవాళ్ళే ఫస్టు మాస్టారూ," అన్నారు. గట్టెక్కామనుకున్నాను.

జెండా ఎగిరింది. సెల్యూట్ అన్నారు. మైదానమంతా కుడిచేతులు లేచాయి. నాన్న ఎడంచెయ్యి లేచింది, దాంతోపాటు మా కబ్స్ అందరివీ ఎడంచేతులే లేచాయి.

ఆ పిల్లలంతా జూన్‌లో చేరినవాళ్ళు. వాళ్ళకి సెల్యూట్ నేర్పింది నాన్నే. చేసి చూపించింది ఎడంచేత్తోనే. ఏడాది పొడుగునా ఎవరి శాఖ వాళ్ళం చూసుకుంటున్న మాలో ఒక్కరికీ ఆ చేతులు కనిపించలేదు. మా తమ్ముడు అందరికన్నా ముందు వరసలో, మోచెయ్యి సూటిగా, ఎంత బాగా చేశాడో.

పక్క దళాలు కిసుక్కుమన్నాయి. కమిషనరు మా తమ్ముడి ముందు వంగారు.

"ఏరా అబ్బాయ్, సెల్యూట్ ఏ చేత్తో?"

"మా నాన్న చేసే చేత్తోనండి."

ఆయన లేచి నాన్న కర్రకేసి చూశారు. చొక్కా చెయ్యి కొంచెం పైకి జరిపారు. తాడు కనిపించింది. నా శాఖ తరఫున ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. ఒక్క మొసలీ రాలేదు, ఒక్క ఏనుగూ రాలేదు.

"ఎన్నాళ్ళనుంచండీ?" అని మెల్లిగా అడిగారాయన.

"మే నుంచండి."

"విప్పేయండి మాస్టారూ. ఎందుకొచ్చిన బాధ."

"బాధేం లేదండి. తెలీదు," అన్నాడు నాన్న.

అమ్మ తాడు దాటి వచ్చి, పళ్ళతో ముడి లాగి విప్పింది. కర్ర పక్కకి ఒరిగింది. చెయ్యి పక్కన వేలాడింది. అందరూ చూశారు. వచ్చే ఏటికి కొత్త మాస్టారిని చూస్తామనీ, నాన్న ఎప్పుడైనా రావచ్చనీ అన్నారు కమిషనరు. నాన్న "మంచిదండి" అన్నాడు. ఈల మెడలోంచి తీసి ఇచ్చేశాడు.

రిక్షాలో తమ్ముడొక్కడే మాట్లాడాడు. "నేను తప్పు చేశానా నాన్నా?"

"లేదురా. చెప్పినట్టే చేశావు."

ఆ తరువాతి ఆదివారం ఎవరూ ఎవరినీ లేపలేదు. అయినా పెరేడ్ వేళకి అందరికీ మెలకువొచ్చింది, అందరం కళ్ళు మూసుకునే పడుకున్నాం. నాన్న లేచిన చప్పుడైంది. చాలాసేపు గుండీలతో అవస్థ పడి, మామూలు తెల్ల చొక్కాలో ఒక్కడే బయటికి వెళ్ళిపోయాడు. చర్చిలో రెండో కీర్తన పాడుతుండగా వచ్చి మగవాళ్ళ వైపు కూచున్నాడు.

ఆరాధన అయ్యాక ఆవరణలో అమ్మ పట్టుకుంది.

"ఎక్కడికెళ్ళారండీ, చెప్పా పెట్టకుండా?"

"కాలవ గట్టు హోటల్లో ఇడ్లీ తిన్నాను."

"ఒక్కరే? ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదే. ఎడంచేత్తో తిన్నాను."

అమ్మ చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఎవరైనా చూశారా?"

"అందరూ చూశారు," అన్నాడు నాన్న. "చట్నీ బాగుంది."