రత్నమ్మ మాండలిన్‌కు నేను కట్టిన తోలు

ఇరవై ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. నెలకోసారి మా చర్చిలో ప్రభువు బల్ల పరిచి రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం అది మరీ బరువెక్కుతుంది. తప్పు దాచుకుని ఆ రొట్టె తిన్నవాడు తన మీదికి తానే శిక్ష తెచ్చుకుంటాడని చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణి. అయినా తింటూనే ఉన్నాను. వణుకుతూ తింటాను. పక్కవాళ్లు భక్తి అనుకుంటారు! మీకైనా చెప్పకపోతే ఈ భయంతోనే పోతానేమో.

మొదటి పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం. నందికొట్కూరు పక్కనే మా పల్లె. మా సంఘంలో రత్నమ్మక్క ఊరూరా తిరిగి పాటలతో సువార్త చెప్పేది. భర్త లేడు. ఆ పనే ఆమెకు అన్నం పెట్టేది. స్వదేశం వెళ్లిపోయిన దొరసానమ్మ సంఘానికి వదిలిన పాత మాండలిన్ ఆమె చేతిలో ఉండేది. దాని వీపు పల్చటి చెక్కబద్దలు అతికించి గుండ్రంగా చేసినది. తీగలు తుప్పు పట్టాయి, భుజానికి తగిలించుకునే పట్టీ తెగింది. పాస్టరయ్యగారు బాగుచేసే పని నాకిచ్చారు. నాకంతా తెలుసని కోతలు కోసింది నేనే మరి.

కర్నూలు అంగడిలో సాయిబు రెండు రకాల తీగలు చూపించాడు. పాత చెక్కకు సన్నవే మంచివని చెప్పాడు కూడా. నేను లావువి తీసుకున్నాను. సంతలో అందరికీ వినపడాలని. కాదు, బాగుచేసింది ఫలానావాడని అందరూ అనుకోవాలని.

పట్టీ సంగతి ఇంకా ఘోరం. మా నాయన కాడికి తోలు బిగించేవాడు. పచ్చితోలును నానబెట్టి లాగి కడితే, ఎండేకొద్దీ ఉడుంపట్టు పడుతుంది. నాకు తెలిసిన విద్య అదొక్కటే. మాండలిన్ మెడ మొదలు నుంచి అడుగున ఉన్న గుబ్బ దాకా, వీపు మీదుగా తడితోలు లాగి బిగించి, దానికి పట్టీ కుట్టాను. తుమ్మకాడి ఓర్చుకుంటుంది. ఆ పల్చటి బద్దలు ఓర్చుకుంటాయా? అంత చిన్న ఆలోచన నాకెందుకు రాలేదు?

మరునాడు పొద్దున వీపున చిటుక్కుమంది. చూస్తే రెండు బద్దల మధ్య వెంట్రుకవాసి సందు. అయ్యగారు ఏమంటారు? నలుగురూ నవ్వరా? మైనం రుద్ది, మసిపూసి మారేడుకాయ చేశాను.

రత్నమ్మక్క వచ్చి వాయించి చూసింది.

"తీగలు శానా బిగువుగా ఉండాయి కదప్పా, ఏం కాదు కదా?"

"ఏం కాదులే అక్కా, కొత్తవి కదా. ధైర్యంగా పో."

ఆ రోజే మిట్టమధ్యాహ్నం ఆమె సంతలో పాడుతుంటే, ముందు లావు తీగలు, వెనక ఎండిన తోలు, రెండూ లాగి మాండలిన్ వీపు పగిలి మెడ ఊడిందట. వాయిస్తుండగానే పగిలిందని ఆమె చెప్తే సంఘ పెద్దలు నమ్మలేదు. కింద పడేసి అబద్ధమాడుతోందన్నారు. ఇచ్చినప్పుడు బాగుందా అని పంచాయితీలో నన్నడిగారు. ఆమె నా వైపే చూస్తోంది. కోపంగా కాదు, నేను నిజం చెబుతానన్న నమ్మకంతో.

"బాగుండె" అన్నాను.

ఆమె పని పోయింది. తప్పు ఒప్పుకునేదాకా బల్ల దగ్గరికి రాకూడదన్నారు. చేయని తప్పు ఎలా ఒప్పుకుంటుంది? ఆరేళ్లు వెనక గోడకు ఆనుకుని కూర్చుంది, నేను ముందు వరసలో కూర్చున్నాను. ఏడో ఏట కలరాతో పోయింది. ఆ కబురు విని నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక ఎవరికీ తెలియదులే అన్న ఊరట. దేవుడు అన్నిటికన్నా ముందు ఆ ఊరట గురించే అడుగుతాడని నా భయం.

ఇప్పుడు నేను సంఘ పెద్దను. ఎవరు బల్లకు రావచ్చో, ఎవరు రాకూడదో నన్నే అడుగుతారు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. రాసేసరికి కాస్త ఊపిరాడింది, అంతే. రత్నమ్మక్క మాండలిన్‌ను కింద పడేయలేదు. ఆమె అబద్ధమాడలేదు. ఆడింది నేను.