వలి బాబాయ్ కేక

"బాబాయ్, ఎందుకు ఆపేశారు? గుండెలో పట్టేసినట్టుందా? ఎడమ చెయ్యి లాగుతోందా?"

నా అరుపుకి చాప మీద ఆడుకుంటున్న మా పాప కూడా బొమ్మ వదిలేసి చూసింది. వలి బాబాయ్ మాత్రం సైకిల్ దిగి, హ్యాండిల్ పట్టుకుని తాపీగా ఊపిరి పీల్చుకుంటున్నారు.

"ఏం లేదమ్మాయ్. కేక విరిగింది, దిగాను."

బాపట్లలో ఆయనది మా పక్కిల్లే. పేరాల మగ్గాల దగ్గర చీరలు తెచ్చి, సైకిల్ మీద మూట కట్టుకుని, కర్లపాలెం చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై నాలుగేళ్ళు అమ్మారు. అప్పటికి రెండు నెలల ముందే గుండెకు స్టెంట్ వేశారు. రోజూ అరగంట ఇంట్లోనే సైకిల్ తొక్కాలనీ, గుండె వేగం నూట ఇరవై దాటకూడదనీ, నెల గడిచాక రోడ్డు మీదికి పంపాలో లేదో చెబుతాననీ అన్నారు డాక్టరుగారు. ఆ ఒక్క మాట కోసమే బాబాయ్ ఎదురుచూపంతా.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పాపను వదిలి బయట తిరిగే ధైర్యం లేక స్మార్ట్ ట్రైనర్ కొనుక్కున్నాను. సైకిల్ వెనక చక్రం తీసి దానికి బిగిస్తే సైకిల్ కదలదు, ఎదురుగా తెర మీద దారి కదులుతుంది. దారిలో ఎత్తు వస్తే పెడల్ దానంతటదే బరువెక్కుతుంది. సాయంత్రాలు ఆ సైకిల్ బాబాయ్‌ది.

ఆయన ఊరికే తొక్కరు. తెర మీద ఇల్లు కనబడితే చాలు, "చీరలో... పేరాల చీరలో..." అని కేక వేస్తారు. మా పాప "చీయలో" అని అందుకుంటుంది. గోడవతల నుంచి ఆయన భార్య మస్తాన్ బీ పిన్ని, "ఒక్కటైనా అమ్ముడుపోయిందా?" అని ఎగతాళి చేస్తుంది.

ఆ రోజు నేను తొందరలో చదునైన దారికి బదులు కొండదారి నొక్కాను. నా చూపంతా ఫోన్‌లో కనబడే ఆయన గుండె వేగం అంకె మీదే. నూట పన్నెండు. ఇంకా ఎనిమిది ఉందిలే అనుకుంటుండగానే బాబాయ్ "చీర..." దగ్గర ఆగి దిగిపోయారు.

"అంకె బాగానే ఉంది కదండీ?"

"నా ఆయాసం దానికేం తెలుసమ్మాయ్? మూటతో కాలవ వంతెన ఎక్కేటప్పుడు కేక సాంతం రాలేదంటే దిగి నడిపించుకుపోవడమే. అక్కడ బింకానికి పోతే అవతలి ఊరు చేరేదెవరు? అయినా ఏంటిది, మన వైపు ఇంతెత్తు వంతెన ఎవరు కట్టారు?"

నవ్వుతూనే తెర మీద చదునైన దారికి మార్చాను.

నెల తిరిగాక నేనూ ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరుగారు నేను ఫోన్‌లో దాచిన ఆయన గుండె వేగం గ్రాఫులన్నీ చూసి, ఆ రోజు మధ్యలో ఎందుకు ఆగారని అడిగారు. బాబాయ్ కేక సంగతి చెప్పారు.

"ఆగడం తెలుసు కాబట్టి పంపిస్తున్నాను. మూట మాత్రం సగమే. ఎండెక్కేలోపు ఇంట్లో ఉండాలి."

బాబాయ్ తల వంచుకుని, కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున ఆయన మూట కట్టుకుని బయల్దేరుతూ మా గుమ్మంలో ఆగారు. పాప ఒళ్ళు కాస్త వెచ్చగా అనిపించి నేను థర్మామీటరు కోసం అల్మరా అంతా గాలిస్తున్నాను. అప్పుడు ఆయన చెప్పినట్టే ఇవాళ్టికీ చేస్తున్నాను:

"ముందు పిల్లని పిలువమ్మాయ్. ఎలా పలుకుతుందో విను. మిషన్ ఆ తర్వాత పెట్టు."