కిక్కు కొట్టే కాలు

మా బావ మొండివాడు. బావంటే నా మొగుడే. మేనత్త కొడుకుని చేసుకున్నాను. ఆ మొండితనం మా పుట్టింటి రక్తమే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

దసరాకి ముందు, బండికి కొత్త పాయింట్లు వేద్దామని పక్క మూత విప్పి పెట్టాడు. ఆ మర్నాడే వరిగట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అదీ కిక్కు కొట్టే కాలే. రాడ్డు వేసిన డాక్టరు నా ముందే గట్టిగా చెప్పాడు, ఈ కాలికి ఇంకో దెబ్బ తగిలితే ఇక జీవితాంతం కర్రేనని.

చెరుకు నరకడం మొదలయ్యేసరికి ఆయనగారికి బండి కావాల్సొచ్చింది.

"ఆటోలో ఎల్లొచ్చు కదా, బావా?"

"ఆటో పొలంలోకొస్తదేటే?"

అది పాతకాలం బండి. రెండు పాయింట్లు విడిపోయిన క్షణంలో ఇంజన్లో నిప్పురవ్వ పడుతుంది. ఆ క్షణం సరిగ్గా కుదర్చడమే టైమింగ్ పెట్టడం; కొత్త పాయింట్లు వేస్తే అది మళ్లీ చెయ్యాలి. రవ్వ ముందే పడిందా, ఇంజను ఎదురు తిరిగి కిక్కుతో కాలిని వెనక్కి తంతుంది. మంచి కాళ్లే విరిగిన సంగతులు విన్నాను. ఇలాంటి బండ్లు చూసే చోడవరం మెకానిక్కు ఎప్పుడో కొట్టు మూసేశాడు. బావ గొంతుక్కూర్చోలేడు. అందుకని ఆయన కుర్చీలో, నేను బండి పక్కన నేల మీద.

"పాయింట్ల మద్దిన సిగరెట్టు పెట్టిలో కాయితం ఎట్టు. ఇంజను పక్కనున్న సక్రం మెల్లిగా తిప్పు. మెకానిక్కు ఏసిన ఎర్ర గుర్తు ఆ గాటు కాడికి రాగానే కాయితం జారాల. ముందు జారకూడదు."

ఎర్ర గుర్తు కనిపించింది. కాగితం జారేదాకా పాయింట్ల ప్లేటు జరిపి, స్క్రూ బిగించాను.

"కిక్కు నేను కొడతాను," అన్నాను.

"ఆడదాంతో కిక్కు కొట్టించి బండెక్కితే ఈదంతా నవ్వుద్ది. తప్పుకో!"

ఒళ్లు మండిపోయింది. చావనీ అనుకుని, గుడ్డ తీసి చేతులు తుడుచుకుంటున్నాను. వేలి కొసన ఎరుపు. రుద్దితే ఇంకా పాకింది. ఎన్నో ఏళ్ల కిందట ఎండిన రంగు ఇప్పుడు వేలికి అంటుకోవడం ఏమిటి? తలెత్తేసరికి బావ కిక్కు మీద కాలు పెట్టి ఒళ్లు పైకి లేపుతున్నాడు.

"ఓలమ్మో, ఆగు బావా!" అంటూ ఆ కాలిని రెండు చేతులా వాటేసుకున్నాను.

అరుగు మీద చిక్కుళ్లు వలుస్తున్న అత్త అదిరిపడింది.

"అత్తా, ఈ సక్రానికి ఏటైనా రాసేవా?"

"దసరాకి బొట్టెట్టేను. కత్తిపీట కాణ్ణించి అన్నిటికీ ఎట్టేను. కొడుకు ఆస్పత్రిలో ఉంటే ఆడి బండికి ఒగ్గేస్తానేటి? ఆడి కాలు బాగవాలనే గదే ఎట్టింది!"

కొడుకు కాలు నిలబడాలని పెట్టిన బొట్టే ఆ కాలు తీసేసేది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే, జిడ్డు కింద, బొట్టుకి బొటనవేలంత దూరంలో పాత రంగు గీత బయటపడింది. బొట్టు లెక్కన రవ్వ చాలా ముందే పడేది. మళ్లీ కాగితం పెట్టి, మళ్లీ తిప్పి, గీత దగ్గర బిగించాను.

బావ లేచి కిక్కు మీద కాలు పెట్టాడు. ఆ కాలు గజగజ వణుకుతోంది. ఆయన భయపడగా చూడటం నాకదే మొదలు. నోరు మూసుకున్నాను. నాకది చిన్న పని కాదు.

కాలు దించేశాడు.

"ఒసే, నువ్వే కొట్టు."

చీర ఎగదోపి కొట్టాను. కిక్కు ఎదురు తన్నకుండా మెత్తగా దిగింది. మరోసారి కొడితే అందుకుంది. పొగకి అత్త దగ్గుతూనే దండం పెట్టింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే బండిని వీధిలోకి తోసి, "ఒసే, కిక్కు!" అని కేకేస్తాడు. చేతికి పిండున్నా సరే, వెళ్తాను. ఒకరోజు ఎదురింటాయన పళ్లికిలించాడు.

"నవ్వుకో బాబూ," అన్నాడు బావ, నన్ను చూపిస్తూ. "నా కిక్కు కొట్టే కాలు ఇదే."